45 పనిదినాలన్నారు, ఐదో నెల నడుస్తోంది: గ్రేడింగ్‌కి పంపిన కార్డులు ఎక్కడ ఆగిపోతాయి?

పర్లాకిమిడి_పటం
గ్రేడింగ్‌కి, అంటే కార్డు ఎంత బాగుందో చూసి పది దాకా మార్కు వేసి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చేదానికి, సేకరణ కార్డులు పంపాను. పద్నాలుగు కార్డులు, అమెరికా కంపెనీ, అన్నిటికన్నా చవక సర్వీసు. సైట్‌లో 45 పనిదినాలని ఉంది. పార్శిల్ అందిందని ట్రాకింగ్ చెప్పి నాలుగు నెలలు దాటింది. ఆర్డర్ పేజీలో 'రీసెర్చ్ అండ్ ఐడీ' (కార్డు గుర్తింపు) అన్న మాట ఆరు వారాలుగా కదల్లేదు. మెయిల్ పెడితే 'మీ ఓపికకు ధన్యవాదాలు' అని జవాబు. ఓపిక ఉందని వీళ్లకి ఎవరు చెప్పారో మరి. కంపెనీ పేరు చెప్పట్లేదు, చెప్తే చర్చంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతాది. ఈ ఆలస్యంలో వాళ్ల వాటా ఎంత, మన వాటా ఎంత, తెలిసినోళ్లు విడదీసి చెప్పండి.

సిరొంచ_సంగమం
తమ్మీ, ముందు లెక్క సరిగ్గ పెడదాం. 45 పనిదినాలంటే వారానికి ఐదు చొప్పున తొమ్మిది వారాలు. శని, ఆదివారాలు లెక్కల రావు, అమెరికా సెలవులు రావు. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా పని సగం నడుస్తది.

అసలు మెలిక మొదటి రోజు కాడ ఉన్నది. లెక్క మొదలయ్యేది డబ్బా వాళ్ల గుమ్మం ముందు దిగిన రోజు కాదు. డబ్బా విప్పి, కార్డులు లెక్కపెట్టి, ఆర్డర్‌ను కంప్యూటర్ల ఎక్కించిన రోజు. ఆ రెండింటి నడుమ డబ్బాలు గుట్టగ పడి ఉంటయి. కొత్త పోకేమాన్ సెట్ వచ్చిన నెలల ఆ గుట్ట నాలుగు వారాలు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ గుట్ట గురించి ఏ కంపెనీ మాట ఇయ్యదు. 45 అన్నది కూడ 'అంచనా' అనే రాస్తరు, 'హామీ' అని రాయరు.

నీ లెక్కనే తీసుకో. నాలుగు నెలలంటే 17 వారాలు. గుట్టల నాలుగు, పనిల తొమ్మిది తీసేస్తే మిగిలేది నాలుగు వారాలు. ఆ నాలుగు వారాలకు మాత్రం కారణం అడుగు. 17 వారాలకూ అడిగితే రెడీగ ఉన్న జవాబే వస్తది.

రాయగడ_లోయ
అన్నా, ఇలగ లెక్కేసి వాళ్లని ఒడ్డున పడేస్తే ఎలగ? డబ్బా విప్పడం వాళ్ల పనే కదా. బియ్యం దుకాణంలో లైన్లో నిలబడ్డ టైము లెక్కలోకి రాదంటే ఒప్పుకుంటామా?

సిరొంచ_సంగమం
ఒడ్డున పడేస్తలేను. వాళ్ల నియమం ఏందో చెప్పిన, అది న్యాయమని అనలే.

బల్లార్షా_జంక్షన్
పటం తమ్మీ, ఆ పద్నాల్గిట్ల ఏమేం ఉన్నయో చెప్పు. 'రీసెర్చ్ అండ్ ఐడీ' కాడ ఆరు వారాలంటే అది వాళ్ల బద్ధకం కాకపోవచ్చు.

పర్లాకిమిడి_పటం
పదకొండు పోకేమాన్, ఇంగ్లీషువి. మూడు పాత క్రికెట్ ఎటాక్స్ (టాప్స్ కంపెనీ క్రికెట్ కార్డులు), ఇండియాలో అమ్మినవి.

బల్లార్షా_జంక్షన్
దొరికింది. ఆ మూడే పట్టుకున్నయి.

డబ్బా పోయే దారి చాలా కంపెనీల్ల ఇట్ల ఉంటది. డబ్బా రాక, విప్పి ఎక్కించుడు, కార్డు గుర్తింపు, గ్రేడింగ్, ప్లాస్టిక్ పెట్టెల బిగించుడు, తనిఖీ, డబ్బు పట్టుడు, పంపుడు. మాటలు కంపెనీకో తీరు ఉంటయి గని వరుస ఇదే. గుర్తింపు మెట్టు మీద కూసున్నోళ్లు కార్డు ఏ సంవత్సరం, ఏ సెట్టు, ఏ నంబరు, ఏ రకం అని చూసి లేబుల్ మీద రాసే వరుసను ఖాయం చేస్తరు. పోకేమాన్ అయితే వాళ్ల కేటలాగ్‌ల రెడీగ ఉంటది, నిమిషం పని. ఇండియాల అమ్మిన టాప్స్ క్రికెట్ కార్డులకు కేటలాగ్‌ల అన్నిటికి చోటు ఉండదు. కొత్త సెట్టు చేర్చాలె, ముందువెనక బొమ్మలు చూడాలె, ఇంగ్లండ్‌ల అమ్మిన దానికి దీనికి తేడా తేల్చాలె. అది చేసేది వేరే బల్ల, వేరే వరుస.

ఆర్డర్ మొత్తం ఒక్క బండి లెక్క నడుస్తది. చివరి పెట్టె సిద్ధం కాందే గార్డు పచ్చజెండా ఊపడు. మూడు కార్డులు ఆగితే పదకొండూ ఆగినట్టే.

అరుదైనవి, ఇండియా ముద్రలు, పరాయి భాషవి ఎప్పుడైనా వేరే ఆర్డర్‌ల పంపాలె. అదే పెట్టెల పెట్టొచ్చు గని ఫారం వేరు, సంచి వేరు, నంబరు వేరు.

పర్లాకిమిడి_పటం
ఇది ఎవరూ చెప్పలేదన్నా. ఇప్పుడు విడదియ్యమని అడగొచ్చా?

బల్లార్షా_జంక్షన్
అడగొచ్చు. కొన్ని కంపెనీలు గుర్తింపు తేలని కార్డును గ్రేడ్ చెయ్యకుండ వాపస్ పెడతయి, మిగిలినవి ముందుకు పంపుతయి. ఒప్పుకుంటరా లేదా అన్నది వాళ్ల నియమం. మెయిల్‌ల 'త్వరగా చెయ్యండి' అని రాయకు. ఆర్డర్ నంబరు, అందిన తేదీ, ఎక్కించిన తేదీ, ఏ మెట్టు మీద ఏ తేదీ నుంచి ఉన్నది, ఫారంల ఏ వరుస నంబర్లు గుర్తింపుకు ఆగినయని నీ అనుమానం, ఆ కార్డుల ముందువెనక స్కాన్లు, ఇవి తేలకపోతే ఆ మూడింటిని గ్రేడ్ చెయ్యకుండ వాపస్ పెట్టి మిగతావి నడిపించమని ఒక్క వాక్యం. ఒకటే మెయిల్. అదే సంగతి మీద ఐదు టికెట్లు తెరిస్తే ఐదుగురు చూస్తరు, ఐదుగురు పక్కోడు చూస్తుండనుకుంటరు.

జయపురం_ఘాటీ
మా ఊళ్లో కరెంటు ఆఫీసు లెక్కే ఉంది.

బరంపురం_పట్టు
గుర్తింపు దగ్గర ఆగడానికి ఇంకో కారణం ఉంది, అది పూర్తిగా మన చేతిలోదే. ఫారం నింపేటప్పుడు తప్పు వరుస ఎంచుకోవడం. పోకేమాన్‌లో ఒకే నంబరుకు మామూలుది, హోలో, రివర్స్ హోలో ఉంటాయి. బొమ్మ మెరిస్తే హోలో, బొమ్మ తప్ప మిగిలిన కార్డు మెరిస్తే రివర్స్ హోలో. ఇవి తారుమారు చేస్తే అక్కడివాళ్లు సరిదిద్దాలి. పాత 1999 నాటి వాటికి ఫస్ట్ ఎడిషన్ ముద్ర, బొమ్మ చట్రం పక్కన నీడ ఉన్నదీ లేనిదీ అన్న తేడాలూ ఉన్నాయి. జపాన్ కార్డును ఇంగ్లీషు వరుసలో పెట్టడం ఇంకో మామూలు తప్పు. సెట్ గుర్తూ, కింది మూలలో సన్నగా ముద్రించిన నంబరూ భూతద్దంతో చూసి రాయండి. ఫారంలో ఉన్న వరుసలోనే కార్డులు దొంతరలో ఉండాలి. ఒక్కటి అటూఇటూ అయితే అక్కణ్ణుంచి చివరిదాకా అన్నీ తప్పు పేర్లతో కనిపిస్తాయి.

ఇంకోటి డిక్లేర్డ్ వేల్యూ, అంటే కార్డు విలువ ఇంతని మనం ఫారంలో రాసేది. ఒక్కో సర్వీసుకి ఇంత విలువ దాకా అని గీత ఉంటుంది. గ్రేడ్ వచ్చాక కార్డు విలువ ఆ గీత దాటితే పై సర్వీసు ఫీజు వేస్తారు. అప్‌చార్జ్ అంటారు దాన్ని. మన దగ్గర తగ్గించి రాసి ఫీజు మిగిల్చుకుందాం అనుకుంటే, చివర్లో ఆర్డర్ ఆగి కొత్త బిల్లు వస్తుంది. పైగా పార్శిల్ పోతే బీమా ఇచ్చేది మనం రాసిన విలువకే.

రాయగడ_లోయ
మన తప్పులు మనం ఒప్పుకుందాం, సరే. కానీ వాళ్ల తప్పు కూడా ఒకటి రాసి ఉంచాలి. 2021 మార్చి 30న పీఎస్‌ఏ అనే పెద్ద అమెరికా గ్రేడింగ్ కంపెనీ తన చవక సర్వీసులన్నీ మూసేసింది. అంతకుముందు మూడు నెలల్లో వచ్చినన్ని కార్డుల కన్నా ఎక్కువ మూడు రోజుల్లో వచ్చాయని వాళ్లే చెప్పారు. కోవిడ్ కాలంలో ఇంట్లో కూచున్న ప్రపంచమంతా అటక మీద అట్టపెట్టెలు దించింది, ఒప్పుకుంటాను. కానీ ధర పెరగబోతోందని ముందే చెప్తే గడువుకి ముందు జనం తోసుకొస్తారని ఎవరికి తెలియదు? పెట్రోలు రేపు పెరుగుతుందంటే ఇవాళ బంకు దగ్గర ఏటవుతాదో మనకి తెలీదా?

గ్రేడింగ్ చేసేది మనుషులు. కొత్తోణ్ణి పెడితే కన్ను కుదరడానికి నెలలు పడతాది. కార్డులు వారంలో రెట్టింపవుతాయి, కళ్లు అవ్వవు. అది తెలిసీ తలుపులు బార్లా తెరుస్తారు. ఎక్కువ డబ్బు కట్టినవాడి డబ్బా ముందు, మన చవక డబ్బా వెనక. వరద తగ్గిన రోజున మన వంతు. ఆలస్యం పొరపాటు కాదు, చవక సర్వీసు కట్టిందే ఆలస్యం మీద.

సిరొంచ_సంగమం
ఆఖరి మాట నిజం. బస్సు టికెట్ కొన్నోడు రైలు టైముకు పోతా అంటే ఎట్ల.

రాయగడ_లోయ
టికెట్ మీద టైము రాయకపోతే అనను. రాశారు కదా.

మోడరేటర్
ఇద్దరికీ: ఈ ముక్క గత ఏడాది చర్చలో వంద పోస్టుల దాకా నడిచింది. ఇక్కడ పంపే పద్ధతి మీద ఉందాం.

బరంపురం_పట్టు
పోస్టు, కస్టమ్స్ సంగతి రాస్తాను. మన జిల్లాల వాళ్లకి సగం నెలలు ఇక్కడే పోతాయి.

వెళ్లేటప్పుడు. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుక్కి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. దాని దెబ్బకి ఇండియా పోస్ట్ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్శిళ్లు ఆపేసి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడి సుంకం మన దగ్గర బుకింగ్‌లోనే కట్టించుకునే ఏర్పాటు. కాబట్టి కౌంటర్‌కి వెళ్లేముందు ఆ వారం రేటు అడగండి, నెల కిందటి రేటుని నమ్మొద్దు. కస్టమ్స్ ఫారంలో 'గిఫ్ట్' అని రాయడం పెద్ద తప్పు. గిఫ్ట్ అని పంపింది గ్రేడింగ్‌కి పంపిన సరుకుగా తిరిగి రాదు. 'గ్రేడింగ్ కోసం పంపుతున్న ట్రేడింగ్ కార్డులు, అమ్మకం కాదు, తిరిగి వస్తాయి' అని స్పష్టంగా, కార్డుల సంఖ్యతో రాయండి.

తిరిగొచ్చేటప్పుడు. మన దేశం నుంచి వెళ్లి మూడేళ్లలోపు తిరిగొచ్చే సరుక్కి సుంకంలో వెసులుబాటు ఇచ్చే నోటిఫికేషన్ ఒకటుంది. 2017 జూన్ 30 నాటిది, కస్టమ్స్ 45/2017. వెళ్లిందీ వచ్చిందీ ఒకటే వస్తువని తేల్చాల్సింది మనం. అందుకు కావలసినవి: పంపినప్పటి బుకింగ్ రసీదు, కస్టమ్స్ ఫారం నకలు, ప్రతి కార్డు ముందువెనక ఫొటోలు, కంపెనీ ఆర్డర్ కాగితం, అందులో గ్రేడింగ్ ఫీజు విడిగా కనిపించే బిల్లు. స్లాబ్ (గ్రేడ్ అయ్యాక కార్డును బిగించే ప్లాస్టిక్ పెట్టె) మీద సర్టిఫికెట్ నంబరు పంపినప్పుడు లేదు కాబట్టి, నంబరుకీ పాత ఫొటోకీ లంకె కలిపేది ఆర్డర్ కాగితమే. ఇంత చూపించినా ఒప్పుకోవడం అధికారి చేతిలో ఉంటుంది. ఏ కాగితమూ లేకపోతే మాత్రం కొత్తగా కొన్న సరుకు లెక్కనే, పూర్తి విలువ మీద వేస్తారు.

కొరియర్‌లో వస్తే కేవైసీ అడుగుతారు. ఆర్డర్ మీద పేరు, ఆధార్ మీద పేరు అక్షరం అక్షరం ఒకటి కావాలి. మన ఒడిశా తెలుగు ఇళ్లలో ఇదో తలనొప్పి. బడిలో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, ఒడియా నుంచి ఇంగ్లీషులోకి రాసిన స్పెల్లింగు ఇంకోటి. కంపెనీ ఖాతా తెరిచినప్పుడే ఆధార్ చూసి పేరు కొట్టండి. లేకపోతే డబ్బా కస్టమ్స్ గోదాములో కూచుంటుంది, గోదాము అద్దె మన మీద పడుతుంది.

జయపురం_ఘాటీ
అక్కా, చిరునామా ఏది ఇవ్వాలి? మా పిన్‌కోడ్ పెడితే కొన్ని కొరియర్లు డెలివరీ లేదంటాయి.

బరంపురం_పట్టు
విదేశీ కొరియర్ కంపెనీ మన ఘాటీ దాకా రాదు బాబూ. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఇక్కడి కొరియర్‌కి అప్పగిస్తుంది. దూరపు పిన్‌కోడ్‌కి అదనపు చార్జీ, అదనంగా నాలుగైదు రోజులు. ఆ చేతులు మారే చోటే ట్రాకింగ్ మాయమవుతుంది. విశాఖలోనో బరంపురంలోనో నమ్మకమైన చుట్టం ఉంటే 'కేరాఫ్' పెట్టి అక్కడికి తెప్పించుకోండి, పేరు మాత్రం మీదే ఉండాలి. పోస్టులో వస్తే ఈ గొడవ లేదు, స్పీడ్ పోస్టు ఏ ఊరైనా వస్తుంది. కాకపోతే ముందు కస్టమ్స్ దాటాలి.

సిరొంచ_సంగమం
మా దిక్కు కూడ అంతే. సిరొంచకంటే మంచిర్యాల గని చంద్రాపూర్ గని పెట్టుకుంటే రెండు చేతులు తగ్గుతయి.

ఇగ పంపే ముందు చూసుడు. దీంట్ల పది నిమిషాలు పెడితే సగం కార్డులు ఇంట్లనే ఆగుతయి, ఆర్డర్ చిన్నగయితది.

సెంటరింగ్ ముందు, అంటే బొమ్మ అంచుల నడుమ సమంగ ఉన్నదా అని. పీఎస్‌ఏ 10 కోసం ముందువైపు ఇదివరకు 60/40 దాకా నడిచేది, 2025ల 55/45కు బిగించిండ్రు. వెనక 75/25. అంచు కొలిచే తీరు సులువు. ఎడమ అంచు, కుడి అంచు వెర్నియర్‌తోని కొలువు, రెండు కలుపు, పెద్దదాన్ని మొత్తంతోని భాగించు. ఎడమ 2.3 మిల్లీమీటర్లు, కుడి 2.7 అయితే మొత్తం 5, పెద్దది 54 శాతం, పాసయింది. 2.1, 2.9 అయితే 58 శాతం. పాత లెక్కల 10కి పోయేది, ఇప్పుడు పోదు. అర మిల్లీమీటర్ మీద బతుకు. వెర్నియర్ మూతి కార్డుకు తగలనియ్యకు, స్లీవ్‌ల (పలుచని ప్లాస్టిక్ తొడుగు) ఉంచి కొలువు. పైకిందా కూడ కొలువు, చానా మంది మర్చిపోతరు.

తర్వాత వెనక. పోకేమాన్ వెనక నీలం ఉంటది కాబట్టి అంచుల తెల్లదనం కొట్టొచ్చినట్టు కనవడుతది. రెండు మూలల్ల సూదిమొన అంత తెలుపు ఉంటే 10 మీద ఆశ పెట్టుకోకు. ముందువైపు చీకటి గదిల ఒక్క ఎల్‌ఈడీ లైటు పక్కనుంచి, కార్డుకు దాదాపు సమాంతరంగ వెయ్యి. పైనుంచి లైటు వేస్తే గీతలు కనవడవు. కార్డును మెల్లగ తిప్పు. ప్రింటర్ గీతలు సక్కగ ఉంటయి, గోటి గీతలు వంకర ఉంటయి. గ్రేడ్ రెండిటికీ పోతది, గని మొదటిదాన్ని ఎవరూ ఏం చెయ్యలేరు. 10 రెట్ల భూతద్దం చాలు, మైక్రోస్కోప్ కొనకు, లేని తప్పులు కూడ కనవడతయి.

తుడిచేది పొడి మైక్రోఫైబర్ బట్టతోనే, అది కూడ దుమ్ముకు. శానిటైజర్, పాలిష్, మైనం జోలికి పోవద్దు. శుభ్రం చేసిన ఆనవాలు దొరికితే పీఎస్‌ఏ ఎన్‌7 అని గ్రేడ్ లేకుండ పంపుతది. కత్తిరింపుకు ఎన్‌1, కొలత తక్కువకు ఎన్‌6. మామూలు కార్డు 63 అడ్డం, 88 నిలువు మిల్లీమీటర్లు. పాత కార్డు ఎవరి దగ్గరన్న కొంటే ముందు కొలత చూడు. తెల్ల అంచు పోగొట్టనీకి గీకినోళ్లు ఉన్నరు.

పర్లాకిమిడి_పటం
అన్నా, ఫాయిల్ కార్డులు వానాకాలంలో దోసెలా ముడుచుకుపోతున్నాయి. అలగే పంపేయొచ్చా?

బల్లార్షా_జంక్షన్
ఇది మా ఊరి సబ్జెక్టు. కాగితం మిల్లు నీడల పెరిగిన ఊరు.

కార్డు అంటే కాగితం పొరలు, మీద ఫాయిల్, దాని మీద వార్నిష్. కాగితంల చెక్క పోగులుంటయి, గాలిల తేమ తాగి ఉబ్బుతయి. పొడుగు కంటే అడ్డంల ఎక్కువ ఉబ్బుతయి. ఫాయిల్ తేమ తాగదు. వెనక కాగితం సాగుతది, ముందు ఫాయిల్ సాగదు, కార్డు ఫాయిల్ దిక్కు గిన్నె లెక్క వంగుతది. గోపాల్‌పూర్ సముద్రపు గాలిల, పర్లాకిమిడి వానల్ల జరిగేది ఇదే. చాందా ఎండల్ల 45 డిగ్రీలు దాటినప్పుడు ఉల్టా. కాగితం ఎండి ముడుచుకుంటది, ఫాయిల్ బయటికి ఉబ్బుతది.

కొంచెం వంపు ఒక్కదానికే గ్రేడ్ పోదు. కాని వంగిన కార్డును బిగుతు హోల్డర్ల కుక్కితే ఫాయిల్ మీద వెంట్రుకంత మడత పడుతది, దానికి పోతది. ఇస్త్రీ పెట్టొద్దు, నిఘంటువు కింద పెట్టొద్దు. నిఘంటువు కింద దుమ్ము కణం ఉంటే కార్డు మీద గుంట పడుతది.

గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా తీసుకో. లోపల చిన్న డిజిటల్ తేమ మీటర్ పెట్టు. తేమ ఎక్కువైతే తాగి, తక్కువైతే ఇచ్చి 49 శాతం దగ్గర నిలబెట్టే టూ వే తేమ ప్యాకెట్ ఒకటి పెట్టు, కార్డులు స్లీవ్‌లల్ల వదులుగ నిలబెట్టు. మూడు రోజుల నుంచి వారం. సిలికా జెల్ ఒక్కటే పెడితే తేమ గుంజుకుంటనే ఉంటది, ఆగదు. 30 శాతం కిందికి దిగితే ఉల్టా వంపు వస్తది. సిలికా పెట్టక తప్పదంటే మీటర్ చూసుకుంట 45 కాడ తీసెయ్యి.

ప్యాకింగ్ వాన రోజు చెయ్యకు. 85 శాతం తేమ గాలిని సంచిల మూసి పంపితే ఆ గాలి కార్డుతోనే ఖండాంతరం పోతది. అక్కడ ఏసీ గదిల విప్పినప్పుడు కార్డు కండ్ల ముందే కదులుతది. గ్రేడర్ చేతికి పోయేది ఆ కార్డే.

సిరొంచ_సంగమం
ప్యాకింగ్ కూడ రాసెయ్యి అన్నా, మళ్ల మళ్ల అడుగుతరు.

బల్లార్షా_జంక్షన్
పలుచని పెనీ స్లీవ్‌ల కార్డు పెట్టాలె, మూల తగలకుంట ముందు స్లీవ్ నోరు కొంచెం తెరవాలె. దాన్ని సెమీ రిజిడ్ హోల్డర్ల (కొంచెం వంగే ప్లాస్టిక్ కవరు) దించాలె, కార్డ్ సేవర్ 1 సైజు. టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరు వద్దు. అందులోంచి తీసేటప్పుడు అక్కడోళ్ల చేతిల మూల దెబ్బతింటది, పైగా వాళ్లే వద్దని రాస్తరు. స్లీవ్ పై అంచుకు పట్టుకుని లాగనీకి అంటుకునే చిన్న కాగితం ముక్క, కార్డుకు తగలకుంట. దొంతరను ఫారం వరుసల పెట్టి, కింద మీద అట్టముక్కలు, రెండు రబ్బరు బ్యాండ్లు. బ్యాండు హోల్డర్‌ను వంచకూడదు, దొంతర జారకుంట పట్టుకుంటే చాలు. దాన్ని జిప్ సంచిల పెట్టి, బబుల్ రేపర్ చుట్టి, అన్ని దిక్కుల రెండు అంగుళాల మెత్త ఉండేటట్టు డబ్బాల. ఊపితే చప్పుడు రావద్దు. ఫారం నకలు లోపల ఒకటి, దొంతర మీద ఒకటి. హోల్డర్ నోటికి గోధుమ రంగు సెలో టేప్ వేస్తే వాళ్లు కత్తెర పెడతరు, కత్తెర కిందనే నీ కార్డు ఉంటది.

రాయగడ_లోయ
ఇంత చేసాక కూడా అడగాల్సింది ఒకటి మిగిలుంది, అసలు పంపాలా అని. అంకెలు ఊహించుకుందాం. కార్డు ఉన్నదున్నట్టు 4,000కి పోతాది. 10 వస్తే 12,000, 9 వస్తే 5,000. ఫీజు, పోను రాను ఖర్చు, బీమా, బ్యాంకు కార్డు మీద వేసే విదేశీ మార్పిడి చార్జీ, దాని మీద జీఎస్టీ, పద్నాలుగింటి మీద పంచితే ఒక్కోదానికి 4,500 పడిందనుకో. 10 వచ్చే అవకాశం సగానికి సగం అంటే సగటు 8,500. ఖర్చు తీస్తే 4,000. ఆరు నెలలు ఆగి, మొదటి రోజు అమ్మితే వచ్చే డబ్బే చేతికొచ్చింది. ఈలోగా ఆ సెట్ మళ్లీ ముద్రిస్తే ధర పడిపోతాది. స్లాబ్ లేకపోతే కొనేవాడు నమ్మడని అంటారు. పక్క లైటులో తీసిన ఆరు ఫొటోలు, ఒక వీడియో, తప్పులుంటే మనమే ముందు రాయడం, దీంతో మూడు నాలుగు వేల కార్డు దాకా నమ్ముతారు. ఖరీదైనవాటికే స్లాబ్.

జయపురం_ఘాటీ
మధ్యవర్తుల ద్వారా గ్రూప్‌లో పంపితే చవక కదా?

రాయగడ_లోయ
పోస్టు ఖర్చు తగ్గుతాది, టైము పెరుగుతాది. అతను ఇరవయ్యో యాభయ్యో కార్డులు పోగయ్యేదాకా కదలడు. నువ్విచ్చిన రోజు నుంచి పోగయ్యే రోజు దాకా ఏ లెక్కలోనూ రాదు. ఇంకెవడిదో ఒక కార్డు గుర్తింపు దగ్గర ఆగితే నీదీ ఆగుతాది, పైన పటం సంగతి చూశావు కదా. ఇచ్చేముందు నాలుగు అడుగు. ఎప్పుడు పంపుతారో తేదీ. కంపెనీ ఇచ్చిన ఆర్డర్ నంబరు, అందులో నీ కార్డులు ఏ వరుసల్లో ఉన్నాయో. అప్‌చార్జ్ పడితే ఎవరు కట్టాలి. దారిలో పోతే బీమా ఎవరి పేరు మీద. కాగితం మీద రాసివ్వడానికి తటపటాయిస్తే కార్డు జేబులో పెట్టుకుని వచ్చేయ్.

బరంపురం_పట్టు
గ్రూప్‌లో పంపితే నేను పైన రాసిన కస్టమ్స్ కాగితాలన్నీ అతని పేరు మీద ఉంటాయని కూడా గుర్తుంచుకోండి.

చివర్లో ఆగే ఇంకో చోటు ఉంది, ఎవరూ అనుమానించరు. డబ్బు. చాలా కంపెనీలు ఆర్డర్ ఎక్కించినప్పుడు కాదు, గ్రేడింగ్ అయ్యాక మన బ్యాంకు కార్డు నుంచి డబ్బు లాగుతాయి. అప్పటికి ఆరు నెలలు. ఈలోగా మన బ్యాంకు కార్డు గడువు తీరిపోతుంది, లేదా అంతర్జాతీయ వాడకం ఆపేసి ఉంటుంది. 2020 నుంచి ఆర్‌బీఐ నియమం ప్రకారం కొత్త కార్డులకి విదేశీ లావాదేవీలు మూసే వస్తాయి, మనమే యాప్‌లో తెరవాలి. తెరిచినవాళ్లు భద్రత కోసం మళ్లీ మూసేస్తారు. అక్కడివాళ్లు లాగబోతే రాదు, మెయిల్ స్పామ్‌లో పడుతుంది, ఆర్డర్ మూల కూచుంటుంది. 'తనిఖీ' మెట్టు కనిపించిన రోజునే యాప్‌లో తెరిచి, పరిమితి అప్‌చార్జ్‌తో కలిపి సరిపోయేలా పెట్టండి.

పర్లాకిమిడి_పటం
ఇప్పుడే చూశాను. అంతర్జాతీయం మూసే ఉంది. తెరిచాను. బల్లార్షా అన్న చెప్పినట్టు స్కాన్లు పెట్టి మెయిల్ కూడా పంపాను, క్రికెట్‌వి మూడూ వాపస్ పెట్టేయమని.

సిరొంచ_సంగమం
మంచిది తమ్మీ. వారం దాకా ఇంకో మెయిల్ పెట్టకు. గ్రేడ్ పడ్డంక సర్టిఫికెట్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌ల కొట్టి చూడు, డబ్బా బయలుదేరకముందే కనవడొచ్చు. స్లాబ్ వచ్చినంక కూడ నంబరు, బొమ్మ రెండూ పోల్చు. నకిలీ స్లాబుల మీద కూడ నిజమైన నంబర్లు ఉండొచ్చు.

బల్లార్షా_జంక్షన్
స్లాబ్ వచ్చిందని తేమ సంగతి మర్చిపోకు. అంచులు అతికించి ఉంటది గని అది నీళ్ల సీసా కాదు, గాలి ఆడుతది. డబ్బాల తేమ మీటర్‌తో పాటు రంగు మారే సిలికా సంచి పెట్టు. నారింజ నుంచి ఆకుపచ్చకు తిరిగితే మార్చు.

జయపురం_ఘాటీ
సెమీ రిజిడ్ హోల్డర్లు మన దిక్కు దుకాణాల్లో దొరుకుతాయా? జయపురంలో అడిగితే లామినేషన్ కవర్లు చూపించారు.

బరంపురం_పట్టు
ఆన్‌లైన్లోనే బాబూ, 50 కట్టగా వస్తాయి. 'కార్డ్ సేవర్ 1' అని సైజు చూసి కొనండి, 2 చిన్నది. లామినేషన్ కవర్లు వాపస్ ఇచ్చేయండి.